గోడ మీద రాయించిన అరగంట

2023 మే 9, మంగళవారం, పగలు పదకొండున్నరకు గంగారాం టెంపో నా షాపు ముందు ఆగింది. సరిగ్గా చెప్పాలంటే నా షాపు ముందు కాదు. రోడ్డుకు అవతల, నా యారాలు శకుంతల షాపు ముందు ఆగింది. గంగారాం దిగి, అటు చూసి, ఇటు చూసి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. ఆ రోడ్డు అతను ఎప్పుడు దాటుతాడా అని నేను ఏడు నెలలుగా చూస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో తుకుం అనే పేట. మా మామగారి కాలం నుంచి బ్యాటరీల వ్యాపారం. ఆయన పెద్ద కొడుకు భార్యను నేను, చిన్న కొడుకు భార్య శకుంతల. మగవాళ్లిద్దరూ పోయాక వ్యాపారం రెండైంది. పాత షాపు నాకు, ఎదుటి గది ఆమెకు వచ్చాయి. నేను పాత పద్ధతిలోనే లెడ్ బ్యాటరీలు, అంటే సీసం పలకలు, యాసిడ్‌తో నడిచేవి, అమ్ముతూ వచ్చాను. శకుంతల 2022 జూన్‌లో లిథియం మొదలుపెట్టింది. గాజు తలుపు, లోపల ఏసీ. బ్యాటరీ ఎంత నిండిందో ఆమెకు కూర్చున్నచోటే ఫోన్‌లో కనిపిస్తుంది. నేనైతే బ్యాటరీలోని ఒక్కో గది మూత విప్పి హైడ్రోమీటర్ ముంచాలి. యాసిడ్ చిక్కదనం చెప్పే గాజు గొట్టం అది. యాసిడ్ చుక్కలు పడి చిల్లులు లేని చీర నా పెట్టెలో ఒక్కటీ లేదు. శకుంతల ఇదే వృత్తిలో ఉండి ఇస్త్రీ చీర కట్టుకుంటుంది. అది నాకు పడేది కాదు. ఇప్పటికీ పడదు.

గంగారాంది కోఠారి అనే ఊరు. 1996లో ఒక పాత జీపుతో మా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. తర్వాత ఎన్ని బండ్లు మారినా బ్యాటరీ మాత్రం మా దగ్గరే. 2022 అక్టోబరులో ఊళ్లో ఉన్న రెండెకరాలూ అమ్మి, టెంపోను క్యారవాన్‌గా మార్పించాడు. లోపల నాలుగు పడకలు, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు. తాడోబాకు పులుల్ని చూడడానికి వచ్చేవాళ్లను తిప్పేందుకు ఒక రిసార్టుతో మాట కుదిరింది. ఆ ఫ్రిజ్‌కూ ఫ్యాన్లకూ కావలసిన బ్యాటరీని శకుంతల దగ్గర కొన్నాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ కొత్త బ్యాటరీకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బండిలోకి ఎక్కించడం నేను నా గద్దె మీద కూర్చునే చూశాను. కొబ్బరి ముక్క నాకూ పంపాడు. తినలేదు.

ఇప్పుడు చేతులు నలుపుకుంటూ నా ముందు నిలబడ్డాడు.

“పెద్దమ్మా, కోపమున్నదా?”

“నాకెందుకు కోపం? ఎదురుంగ ఏసీ ఉన్నది, చల్లటి నీళ్లున్నయి. గీ ఎండల గిక్కడికెందుకొచ్చినవ్?”

“ఆల్టర్నేటర్ కాలిపోయింది. పోయిన నెల. కొత్తది ఏపిచ్చిన. గిప్పుడు కొత్తదానికెల్లి గూడ కాలిన వాసనొస్తుంది.”

ఇంజన్ తిరిగేటప్పుడు బెల్టుతో పాటు తిరిగి, కరెంటు పుట్టించి, బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. అది కాలితే ఫ్రిజ్, ఫ్యాన్లే కాదు, కాసేపటికి బండీ ఆగిపోతుంది. పోయిన నెల అలాగే టూరు నడుమ ఆగిపోయిందట.

“రిసార్టోళ్లు ఒక్కటే మాట చెప్పిన్రు పెద్దమ్మా. ఇంకోపారి బందైతే ఏరే బండి పెట్టుకుంటమన్నరు. శుక్రవారం నాగపూర్ నుంచి ఒక ఫ్యామిలీ వస్తుంది. గప్పటికి సక్కగ గాకుంటే నా పని ఖతం. భూమి గూడ లేదిగ.”

“మీ చిన్నమ్మను అడగకపోయినవ్?”

“అడిగిన. బ్యాటరీ మంచిగనే ఉన్నదంటది, ఫోన్ల సూపెడ్తది. నువ్వొకపారి చూడు. నువ్వు ఖరాబైందంటే ఇయ్యాల్నే తీసి పారేస్త, నీ తాననే లెడ్ బ్యాటరీ కొంట.”

ఖరాబైంది అనే మాట అప్పటికే నా నాలుక మీద ఉంది. ఏడు నెలలుగా ఆ గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను కోరుకున్నది అదే. కానీ మీటరు పెట్టకుండా మాట చెప్పడం నాకు అలవాటు లేదు. బండిని నా షాపు ముందుకు తెప్పించి, క్లాంప్ మీటరు తీసుకుని ఎండలోకి దిగాను. పటకారులా ఉంటుంది అది. తీగ కోయనవసరం లేకుండా, దాని చుట్టూ పట్టుకుంటే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. బండి నిలబడే ఉంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది. మీటరు అరవై ఆంపియర్లు చూపించింది. నా లెడ్ బ్యాటరీ అయితే మొదట ఆబగా తాగుతుంది, కాసేపటికి కడుపు నిండినట్టు తగ్గుతూ వస్తుంది. తగ్గుతుందని నిలబడ్డాను. ఐదు నిమిషాలకు అరవై. పది నిమిషాలకు అరవై. నా చెమట మీటరు మీద పడుతోంది కానీ అంకె కదలలేదు. బ్యాటరీలో ఏ దోషమూ లేదు. ఇన్నేళ్లలో నేను అమ్మినవాటిలో ఒక్కటీ అంత బాగా కరెంటు తీసుకోలేదు. యారాలి మీద ఉన్న కుళ్లు చాలక, ఆ క్షణాన ఆ నల్ల డబ్బా మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు ఆల్టర్నేటర్ మీద చిలకరించాను. బుస్సుమని ఆవిరైపోయాయి.

“బంద్ చెయ్,” అన్నాను. “తాడోబా గేటు కాడ బండి ఎట్ల పెడ్తవ్?”

“టూరిస్టులు జిప్సీ జీపులల్ల అడవిలకు వోతరు గద, మూడు నాలుగు గంటలు రారు. బ్యాటరీ దిగిందంటే ఇంజన్ స్టార్ట్ జేసి ఇడుస్త. అరగంట. తక్కువైతే ఇంకో అరగంట.”

“నిలవెట్టిన బండిని గట్ల నడపమని ఎవడు చెప్పిండు నీకు?”

గంగారాం నా తల మీదుగా, నా షాపు గోడ వైపు చూశాడు. నేనూ తిరిగి చూశాను.

మా ఆయన 1998లో రాయించిన మాట అది. ఇక్కడి మా తెలుగువాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే కానీ చదివేవాళ్లు తక్కువ కాబట్టి మరాఠీలో, ఎర్ర రంగుతో రాయించారు. ఆగి ఉన్న బండిని రోజూ అరగంట నడిపించండి, బ్యాటరీ బతుకుతుంది అని. రంగు వెలిసినప్పుడల్లా నేనే మళ్లీ వేయించాను.

“చిన్నమ్మ ఏం చెప్పలేదా?”

“చెప్పింది. నడుమల ఒక డబ్బా పెట్టాలె, ఇంజన్ నిలవెట్టి నడపొద్దు అన్నది. నేనే ఇనలే. పెద్దమ్మ గోడ మీద గట్ల లేదు గద అన్న. బ్యాటరీ ఆమె తాన కొన్న గని, నీ మాట ఎట్ల ఇడుస్త?”

ఒక గ్లాసు నీళ్లు తాగేంతసేపు నాకంటే సంతోషంగా ఉన్నవాళ్లు చంద్రపూర్‌లో ఎవరూ ఉండరు. ఇన్నాళ్లూ ఇతను అవతలికి వెళ్లిపోయాడనుకున్నాను. సరుకు అక్కడ కొన్నాడు, మాట మాత్రం నాదే పట్టుకున్నాడు! అంతలో ఆల్టర్నేటర్ నుంచి కాలిన వార్నిష్ వాసన ముక్కుకు తగిలింది.

సంగతి ఇది. ఆల్టర్నేటర్‌కు దానితోపాటే తిరిగే చిన్న ఫ్యాను ఉంటుంది. బండి ఆగి ఉంటే అది మెల్లగా తిరుగుతుంది, చల్లదనం చాలదు. పైగా మా చంద్రపూర్ మే నెల. లెడ్ బ్యాటరీ తనంతట తాను తగ్గి ఆల్టర్నేటర్‌కు ఊపిరి ఇస్తుంది. లిథియం నిండబోయేదాకా తగ్గదు, ఎంత ఇస్తే అంతా లాగుతుంది. మా గోడ మీది అరగంట లెడ్‌కు మందు. లిథియం పెట్టిన బండిలో అదే ఆల్టర్నేటర్‌ను కాల్చింది.

నేను రోడ్డు దాటాను. ఆ షాపు తెరిచాక మొదటిసారి ఆ గాజు తలుపు తోశాను.

“అక్కా!” అని శకుంతల లేచి నిలబడింది. “ఎండల వడి వచ్చినవ్. కూసో, కూసో.”

“కూసోను. గంగారాం బండిల పెట్టాలన్న డబ్బా ఏది?”

ఆమె వెనక అర మీదినుంచి అట్టపెట్టె తీసి దుమ్ము దులిపింది. డీసీ టు డీసీ చార్జర్. ఆల్టర్నేటర్‌కూ లిథియానికీ మధ్య నిలబడి, బ్యాటరీ ఎంత లాగినా కొలత ప్రకారమే వదిలే పరికరం. ఇది ముప్పై ఆంపియర్లది.

“అక్టోబర్ల తెప్పిచ్చిన. తీస్కపో అంటే తీస్కపోడు. నీ గోడను సూపిస్తడు.” కాస్త ఆగి, నా వైపు చూడకుండా అంది: “నాకెంత కడుపు మండుతదో ఎరుకేనా అక్కా? కొనుడు నా తాన, ఇనుడు నీ మాట.”

“ఎంత మండింది?”

“మస్తు మండింది.”

ఆ ఏసీ గాలి కంటే ఆ మాటే నన్ను చల్లబరిచింది. కూర్చున్నాను. నీళ్లు కూడా తాగాను.

సాయంత్రానికల్లా డబ్బా బిగించాం. తీగలు ఆమె కలిపింది, మీటరు నేను పట్టుకున్నాను. నాది ముప్పై చూపించింది, అక్కడే నిలిచింది. ఆమె ఫోన్‌లో ఇరవై తొమ్మిది.

“నీ ఫోను ఒకటి తక్కువ సూపిస్తుంది.”

“నీ మీటరే ఒకటి ఎక్కువ సూపిస్తుంది అక్కా.”

“మీరిద్దరు కొట్లాడుండ్రి,” అన్నాడు గంగారాం, “గంతల నేను బండి కడుక్కుంట.”

అతను వెళ్లేముందు చెప్పవలసినవన్నీ చెప్పాను. బండి ఆపి ఇంజన్‌తో చార్జ్ చేయవద్దు, నడుస్తున్నప్పుడే చేయాలి. రాత్రి మకాం దగ్గర కరెంటు దొరికితే లిథియానికి సరిపడే చార్జరే పెట్టాలి, నా షాపులో ఉన్నలాంటిది పనికిరాదు. లెడ్ బ్యాటరీలా రోజూ పూర్తిగా నింపి పెట్టాలన్న బెంగ అక్కరలేదు, సగం నిండి ఉన్నా దానికి నష్టం లేదు. చివర ఇంకో మాట అన్నాను: “ఇగ దీని సంగతి ఏదున్నా మీ చిన్నమ్మనే అడుగు. నా గోడను అడగకు.”

శుక్రవారం టూరు ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. రిసార్టు పని అతనికి ఇప్పటికీ ఉంది. గోడ మీది మాట చెరపలేదు, లెడ్ బండ్లకు అది ఇప్పటికీ నిజమే. కింద ‘లెడ్ బ్యాటరీకి మాత్రమే’ అని ఒక వరుస రాయించాను.

కొత్త వస్తువు వస్తే అందరం ఆ వస్తువునే పరీక్షిస్తాం. పాత అలవాటుకు కూడా మీటరు పెట్టి చూడాలని నాకు నేర్పింది ఈ కేసే. గంగారాం నా మాట ఎంత గట్టిగా పట్టుకుంటాడో కూడా ఆ తర్వాతే తెలిసింది. శకుంతలనే అడగమన్నాను కదా, ఆమెనే అడుగుతున్నాడు. ఇన్నేళ్లూ నా దగ్గరే కొన్న, ఇంజన్ స్టార్ట్ చేసే వేరే బ్యాటరీని మార్చవలసి వచ్చినప్పుడు అదీ అక్కడే, లిథియందే కొన్నాడు. గాజు తలుపు తోసేముందు నా వైపు చెయ్యెత్తుతాడు. నేనూ ఎత్తుతాను. శకుంతల అది చూస్తుంది.

పోయినవి: ఆల్టర్నేటర్ ఒకటి. నడుమ ఆగిన టూరు ఒకటి. 1996 నుంచి ఉన్న కస్టమరు ఒకరు.