ఆ క్లస్టర్ డిజైన్ యాదగిరి అన్నది

నిన్న పొద్దున ఆఫీస్ క్యాబ్‌లో ఉండగా మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

యాదగిరి అన్న ఇక లేడు. హార్ట్ అటాక్. ఎల్బీనగర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడట.

నమ్మలేదు. మొన్న ఆదివారమే ఫోన్‌లో మాట్లాడాను.

ఆ మెసేజ్ కింద రెండో రిప్లై ఏంటో తెలుసా?
"అన్న రికార్డెడ్ క్లాసులు ఎవరి దగ్గరైనా ఉంటే లింక్ పెట్టండి."

ఛీ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అన్నది నల్గొండ వైపు ఊరు. అల్మాస్‌గూడలో కిరాయికి ఉండేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో మాకు క్లౌడ్ కంప్యూటింగ్ క్లాసులు చెప్పేవాడు. ఉద్యోగాలొచ్చాక మాకు పని చేతకాకపోతే మా పని కూడా ఆయనే చేసిపెట్టేవాడు.

ఆ సెంటర్ ఓనర్ నిన్న మధ్యాహ్నానికల్లా పోస్టర్ వదిలాడు. పైన అన్న ఫోటో, దానికో దండ. కింద "సోమవారం నుంచి కొత్త బ్యాచ్, డెమో ఫ్రీ". అంత్యక్రియలకి రావడానికి మాత్రం ఆ మహానుభావుడికి తీరిక దొరకలేదు.

ఇక నా సంగతి.

రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం అని అబద్ధం రాసి ఉద్యోగం కొట్టాను. మొదటి నెలలోనే నెత్తిన పడింది. డెలివరీ బండ్ల నుంచి క్షణక్షణం వచ్చే డేటాను లెక్కగట్టే స్ట్రీమింగ్ క్లస్టర్‌ని, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపుని, కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిపించాలి. ఏవో తిప్పలు పడి ఎక్కించాను.

మేనేజర్ల ముందు డెమో ఇస్తుంటే ఒక పాడ్, అంటే మా ప్రోగ్రామ్ నడిచే డబ్బా, పోయింది. కొత్తది దానంతటదే లేచింది. కానీ పొద్దుటి నుంచి కూడిన లెక్కలన్నీ సున్నా.

మెట్ల మీదకి పరుగెత్తి అన్నకి ఫోన్ చేశాను. బస్సులో ఉన్నాడు. వనస్థలిపురంలో దిగిపోయి, బస్టాప్ బెంచీ మీదే ల్యాప్‌టాప్ తెరిచాడు.

"పాడ్ అన్నంక పోతది తమ్మీ, పరేషాన్ గాకు. చెక్‌పాయింట్లు యాడ పెట్టినవ్?"

లెక్క ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు దాచిపెట్టుకునేదే చెక్‌పాయింట్.

"పాడ్ లోపలే అన్నా."

"గట్లెట్ల పెడ్తవ్ రా! గది పోతే గవి గూడ పోవా? బయట స్టోరేజ్‌ల పెట్టు."

అరగంటలో అన్నీ సరిచేయించాడు. మర్నాడు డిజైన్ మొత్తం కొత్తగా గీసి పంపాడు. నేను కింద నా పేరు పెట్టుకుని ఆఫీసులో ఇచ్చాను. ప్రమోషన్ వచ్చింది. "కంగ్రాట్స్ తమ్మీ" అని మెసేజ్ పెట్టాడు.

పోయినేడాది అన్న మా కంపెనీకే ఇంటర్వ్యూకి వచ్చాడు. సెంటర్‌లో క్లాసులు తగ్గిపోయి, ఆ ఉద్యోగం ఆయనకి చాలా అవసరమైన సమయం. ప్యానెల్‌లో నేనూ ఉన్నాను. స్ట్రీమింగ్ క్లస్టర్ ఎలా పెడతారని అడిగితే బోర్డు మీద అచ్చం ఆ డిజైనే గీశాడు.

మా మేనేజర్ నవ్వాడు. "ఇది మావాడి డిజైన్ కదండీ, ఎక్కడ కాపీ కొట్టారు?"

అన్న నా వైపు చూశాడు.
నేను నా ల్యాప్‌టాప్ వైపు చూశాను.

"యాడ్నో చూసినట్టున్న సార్" అన్నాడు. మార్కర్‌కి మూత పెట్టి, బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయాడు.

రిజెక్ట్ చేశారు. కారణం దగ్గర "నిజాయితీ లేదు" అని రాశారు. దానికి నేనూ ఓకే కొట్టాను.

ఆ తర్వాత కూడా నా ఫోన్ ఎత్తడం మానలేదు ఆయన. మొన్న ఆదివారం నేను చేసింది కూడా ఇంకో డౌట్ అడగడానికే.

లింక్ అడిగినవాడి కంటే, పోస్టర్ వేసినవాడి కంటే నేనే నీచుణ్ణి.

ఈ పొద్దున మా మేనేజర్‌కీ, హెచ్ఆర్‌కీ మెయిల్ పెట్టాను. ఆ డిజైన్ ఎవరిదో, నిజాయితీ లేనిది ఎవరికో అందులో రాశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆయన బతికుండగా ఒక్క మాట చెప్పే దమ్ము లేనివాణ్ణి. దయచేసి కామెంట్లలో నన్ను మెచ్చుకోవద్దు.

వదినా, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ రోజు ఇంటికొచ్చి మీకేం చెప్పాడో నాకు తెలియదు. ఆయన ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు. కొట్టింది నేను.

వెళ్లిరా అన్నా. ఇకనైనా మాలాంటివాళ్ల పని చెయ్యకుండా ప్రశాంతంగా ఉండు.