చిలకమ్మ రాసిచ్చిన నా ఫోన్ నంబరు

ఫోన్ మోగితే ఇప్పటికీ గుండె మీద ఎవరో చెయ్యేసి అదిమినట్టుంటుంది. కొన్నేళ్ళుగా ఇంతే. నా భార్యకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నాది చోడవరం వైపు. హుకుంపేటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. నా కుర్చీ వెనక గోడ నిండా నా కంప్యూటర్ కోర్సుల సర్టిఫికెట్లే, అద్దాలు కట్టించి మరీ. వాటిని పట్టుకుని విశాఖలో ఎక్కే గడప, దిగే గడప. "ఎక్కడైనా పని చేశావా?" అనేవారు. చెయ్యలేదు. ఎవరూ తీసుకోలేదు. చివరికి ఈ కొండెక్కి కొట్టు పెట్టుకున్నాను.

చిలకమ్మ పై కొండ మీద ఊరి పిల్ల. ఇంటర్ చదివింది. జిరాక్సులు తియ్యడానికని చేరి, నా పక్కన నిలబడి చూసి చూసి పనంతా నేర్చేసుకుంది. సంత రోజు కొండల మీంచి దిగే జనంతో వాళ్ళ భాషలో మాట్లాడి, పింఛన్లూ ఆధార్లూ స్కాలర్‌షిప్పులూ అన్నీ తనే చూసేది. కొట్టు నాది, పని ఆమెది.

అరకులో ఒక కాఫీ ఆఫీసులో కంప్యూటర్ మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదు. అక్కడివాళ్ళందరూ చేసినట్టే తనూ నా నంబరు రాసింది.

ఫోన్ వచ్చింది. ఆమె టీ తేవడానికి వెళ్ళింది.

"సర్టిఫికెట్ లేదు గానీ మీ దగ్గర చేసినట్టు రాసింది. పని వచ్చా? మీరు ఔనంటే తీసుకుంటాం" అన్నాడు అవతలాయన.

"జిరాక్సులు తీస్తుందండీ. కొట్టు ఊడుస్తుంది" అన్నాను.

ఎందుకన్నాను? ఆమె పోతే సంత రోజు నా గతేమిటన్న భయమా? అదే అయితే నన్ను నేను కొంతైనా క్షమించుకునేవాణ్ణేమో. కాదు. ఇన్ని సర్టిఫికెట్లున్న నన్ను గుమ్మం బయటే నిలబెట్టిన లోకం, ఒక్క కాగితం లేని పిల్లని పిలిచి కుర్చీ వేస్తుంటే ఓర్వలేకపోయాను. కడుపుమంట. అంతే.

టీ గ్లాసు నా ముందు పెట్టి అడిగింది.

"ఫోనేటైనా వచ్చిందా సార్?"

"వచ్చింది. సర్టిఫికెట్ లేదని వద్దన్నారు."

"ఇన్నాళ్ళు సేసిన పని లెక్కలోకి రాదేటి సార్?"

"రాదు చిలకమ్మా. కాగితమే కావాలి."

తలూపింది. గోడ మీది నా సర్టిఫికెట్ల వైపు గౌరవంగా చూసింది. ఆ టీ నేను తాగాను కూడా.

తర్వాత కోర్సు ఫీజు కోసం వాళ్ళమ్మ మేకల్ని అమ్మింది. చిలకమ్మ నా దగ్గర పని చేస్తూనే పాడేరు వెళ్ళి, తనకి ఎప్పుడో వచ్చిన పనినే మళ్ళీ నేర్చుకుంది. అక్కర్లేదని చెప్పడానికి నాకు రోజూ అవకాశం ఉంది. చెప్పలేదు. సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు నాకే తెచ్చి చూపించింది. నేనే లామినేషన్ చేసిచ్చాను. కొట్టుకొచ్చే ఆడపిల్లలకి కూడా నా అబద్ధమే చెప్పేది: "ముందు సర్టిఫికెట్టు తెచ్చుకో గుంటా. ఉత్తి పనొస్తే ఎవులూ తీసుకోరు."

ఈమధ్య పాడేరులో ఇంకో ఆఫీసుకి దరఖాస్తు పెట్టింది. మళ్ళీ నా నంబరే.

"సర్టిఫికెట్లు అందరికీ ఉన్నాయండీ. ఈ అమ్మాయికి పని వచ్చా?" అన్నారు.

ఈసారి ఆమెకి వచ్చిన పనంతా చెప్పాను, ఊపిరి తీసుకోకుండా.

"ఇంత పని వచ్చిన మనిషి ఇన్నేళ్ళూ అక్కడే ఎందుకుండిపోయింది?" అన్నారు.



మొన్న చిలకమ్మ వచ్చింది. వాళ్ళ కాఫీ తోటలోని మిరియాలు గుడ్డలో మూట కట్టి తెచ్చింది.

"మీరు మంచిగా సెప్పబట్టే ఉద్దోగం వచ్చింది సార్. మీ రునం తీర్సుకోలేను" అంది. కళ్ళు తుడుచుకుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. గుండె మీది చెయ్యి కాస్త సడలినట్టుంది, అది కూడా నాకు దక్కడం న్యాయం కాదేమో. క్షమించాల్సింది మీరు కాదు, ఆమెని నేనింకా అడగలేదు.

మిరియాల మూట మాత్రం రెండు చేతులా అందుకున్నాను.