చక్కెర లేని చాయ్

కంపౌండర్ సాబ్ పోయి మూడు రోజులైందని సంగారెడ్డిలో బస్సు దిగగానే తెలిసింది. నా చేతిలో, మా బిడ్డ పదో తరగతి పాసైన నంబరు పడ్డ పేపరు ఉంది. అందరికంటే ముందు ఆయనకే చూపించాలని పటాన్‌చెరు నుంచి వచ్చాను.

నా బిడ్డ బతికింది, చదివింది. ఆ సంతోషం నా గుండెలో పట్టడం లేదు. కానీ ఆయన గురించి రాయాలంటే ముందు నా రోత గురించి రాయాలి.

ఆరేళ్ల కింద పిల్ల ఎండుకుపోతుంటే, నీరసమనుకుని మేమే బెల్లం అన్నం తినిపించాం, చక్కెర నీళ్లు తాగించాం. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోతే అక్కడి కంపౌండర్ సాబ్ మెల్లగా అడిగారు.

"పిల్ల ఉచ్చ పోసిన కాడ చీమలు పడుతున్నయా?"

పడుతున్నాయి. మా ఆవిడ వాటి మీద గాసునూనె పోస్తోంది.

డాక్టరు చక్కెర జబ్బని చెప్పి రోజూ సూది రాశారు. వారం వారం పరీక్ష మాత్రం కంపౌండర్ సాబ్ ఇంటి అరుగు మీదే. గాజు గొట్టంలో నీలం మందు, అందులో ఎనిమిది చుక్కల ఉచ్చ, కింద స్పిరిట్ దీపం. ఉచ్చలో చక్కెర ఉన్నకొద్దీ అది బుడబుడ మరిగి ఆకుపచ్చగా, పసుపుగా, చివరికి ఇటుక రంగుకు తిరిగేది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకునేవాణ్ణి.

"ముక్కు మూసుకుంటే రోగం పోతదా నాయనా? నీకు అత్తరు ఏడికెల్లి తేవాలె?" అని నవ్వేవారు.

ఒకసారి నా చేతిలో ఇంత ఉత్త అన్నం పెట్టి, "మింగకు, నములు" అన్నారు. నమిలి నమిలి జిగట ముద్దయింది, తియ్యబడింది. మింగుడుపడక పోయి ఉమ్మేశాను.

"తియ్యగైందా? బువ్వ గూడ చక్కెరే. ముసుగేసుకొని వస్తది. పిల్లకు సూసి పెట్టుండ్రి."

పరీక్ష అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని చాయ్ ఇచ్చేవారు. మా బిడ్డ చక్కెర వేయని చాయ్ గటగట తాగేది. నాకు మాత్రం ఆ చేతులను చూస్తే మనసొప్పేది కాదు. "ఇప్పుడే తాగొచ్చిన సాబ్" అనేవాణ్ణి. ఆరేళ్లు అదే అబద్ధం. ఆయన ఒక్కనాడూ బలవంతపెట్టలేదు.

ఇవాళ అరుగు మీద ఆయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది. పేపరు చూపించాను. నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"చాయ్ తాగుతవా తమ్మీ? నువ్వు తాగే వచ్చుంటవు లే."

"లేదమ్మా, తాగలే. ఇయ్యి."

మొదటి గుక్కే చప్పగా తగిలింది. దుఃఖంలో చక్కెర మరిచిందనుకున్నాను. నా మొహం చూసి ఆమే చెప్పింది.

"మర్చిపోలే తమ్మీ. నీ బిడ్డ వచ్చుడు మొదలైన కాడికెల్లి మా ఇంట్ల చక్కెర డబ్బానే లేదు. పిల్ల ముందల మనం తియ్యగ తాగుడేందని తీసేయించిండు."

గ్లాసు ఖాళీ చేసి అరుగు మీద పెట్టాను. గోడ వెంట పోయే చీమలు ఒక్కొక్కటే దాని దాకా వచ్చి, ఆగి, పక్కకు తిరిగిపోయాయి.