పురుగులు చెప్పిన లెక్క

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఒక నడివయసామె పోస్టుమార్టం రిపోర్టు నా చేతిలో పెట్టింది. "సారూ, మా తమ్ముడు సచ్చి ఎన్ని రోజులైందని రాసిన్రో జర సదువు" అంది.

గొర్రెలు కాసే ఆ తమ్ముడు ఇల్లు వదిలిన పదో రోజున ఊరి బయట ఎండిన బావిలో శవమై దొరికాడట. పడ్డప్పుడే రెండు కాళ్లూ విరిగాయి. శవం మీది పురుగుల వయసును బట్టి, చనిపోయి నాలుగు రోజులకు మించలేదని డాక్టరు ఇంగ్లీషులో రాశాడు. అదే చెప్పాను.

ఆమె గొంతు లేచింది. "నేను రెండోనాడే టేషన్‌కు పోయిన. తాగి ఎటో పోయుంటడు, వస్తడు పో అని ఎల్లగొట్టిన్రు. ఇప్పుడేమో ఇల్లిడిసిన నాడే బాయిల పడ్డడు, పడ్డనాడే సచ్చిండు, మేమేం చేస్తం అంటున్రు. మరి ఆరు రోజులు పాణంతోనే ఉన్నడు గద సారూ! పిలిస్తే పలికేటోడు గద!"

బస్సంతా మావైపు తిరిగింది.

"నాకు సదువు రాదనే వాళ్ల ధైర్యం. గీ మాట వాళ్ల ముందర నువ్వు సదువుతవా?" అంది.

నా టికెట్టు కోదాడ దాకా ఉంది. మునగాల దాటాక, ఆమె దిగిన చోటే నేనూ దిగాను.