తలుగుకు జారుముడి

నిన్న జగిత్యాల మార్కెట్లో ఒక దుకాణం ముందు పశువులను కట్టేసే తలుగులు వేలాడుతుంటే, ఒకటి పట్టుకుని వాసన చూశాను. కొత్త నార వాసన. కొడిమ్యాలలో ఏడో తరగతి నాతో చదివినవాళ్లారా, మన సోషల్ సార్ బోర్డు మీద అగ్నిపర్వతం గీసిన రోజు గుర్తుందా?

ఎర్ర సుద్దముక్కతో నిప్పులు దిద్ది, "గీ కొండ కింద ఊరు మీదే" అన్నారు. ఆ ఆటలో మన తరగతి లత కలెక్టర్. నేను బర్రె ఉన్న ఇంటామెను.

"గంటసేపట్ల ఊరంత ఖాళీ చెయ్యాలె" అని లత ఆర్డర్ వేసింది. అందరూ సంచులు ఎత్తుకుని వరండాలోకి ఉరికారు. నేను కదల్లేదు.

"నువ్వెందుకు పోతలేవు?" అన్నారు సార్.

"బర్రె కట్టేసి ఉన్నది సార్. తలుగు ఇప్పంది నేను రాను."

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "కలెక్టరమ్మా, గీమెకు జవాబు చెప్పు" అన్నారు. లత ఆర్డర్ మార్చింది. "ముందుగాల పశువుల తలుగులు ఇప్పుండ్రి. తర్వాత మనుషులు కదలాలె."

సాయంత్రం కూలి నుంచి వచ్చిన అమ్మకు ఇదంతా చెప్పాను.

"గా కొండ మన దిక్కున్నదా బిడ్డా?"

లేదన్నాను. అమ్మ కొట్టంలోకి వెళ్లి, మా బర్రెను కట్టేసిన గుంజకున్న పీటముడి విప్పి జారుముడి వేసింది. "గిట్ల గుంజితే ఊడుతది, చూడు" అని కొస నా చేతికిచ్చింది. తరగతిలో ఆర్డర్ మార్పించినప్పుడు కూడా అంత గర్వంగా అనిపించలేదు.

ఆ బర్రె ఉన్నన్నాళ్లూ మా కొట్టంలో మళ్లీ పీటముడి పడలేదు.