లేచిన మక్కను మళ్లీ లేపిన ఏడు

ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నించీ నా ఒంట్లో అలసట దిగలేదు. మా ఊరు ఇబ్రహీంపట్నం మండలంలో, నా ఉద్యోగం కోరుట్లలో. పొద్దున వంట, బర్రెకు గడ్డి, ఆటో పట్టుకుని కోరుట్ల, అక్కడొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సాయంత్రం దాకా బాటనీ చెప్పడం, తిరిగొచ్చాక చేను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో నేనూ మా అత్తా. ఇది మా దగ్గర వింతేమీ కాదు, మా వాడకట్టులో మగవాళ్లున్న ఇళ్లు వెతుక్కోవాలి. వింతల్లా ఏమిటంటే, పని ఇక్కడ జరుగుతుంది, నిర్ణయం అక్కడి నుంచి రావాలి. ఎరువు ఎప్పుడు వేయాలి, ఎవరి ట్రాక్టర్ పిలవాలి, బర్రెను ఉంచుకోవాలా వద్దా, అన్నీ వీడియో కాల్‌లో తేలాల్సిందే. ఆయన చెడ్డవాడని కాదు. ఎండలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చి, ఇరుకు గదిలో మంచం మీద కూర్చుని, తన చేను ఇంకా తన చేతిలోనే ఉందనుకోవడం ఆయనకు అవసరం. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన విసుగు తగ్గదు.

మా ఎర్రమట్టి చెల్కలో పసుపు పెట్టి మధ్య సాళ్లలో మక్కజొన్న వేస్తాం. చిన్న పసుపుకు మక్క నీడ మేలు చేస్తుంది, మక్క కోసేశాక పసుపు తన ఎదుగుదల తాను చూసుకుంటుంది. ఆ ఏడు మక్క నా భుజాల దాకా వచ్చింది, పూత ఇంకా రాలేదు. అప్పుడు గాలివాన కొట్టింది. పొద్దున పోయి చూస్తే చేనంతా ఒకే దిక్కుకు పడి ఉంది. గట్టు పక్క సాళ్లు మాత్రం నిలబడ్డాయి. రోజూ గాలి తగిలే మొక్క పొడుగు తగ్గించుకుని కాండం లావు చేసుకుంటుంది, లోపలి మొక్కలకు ఆ అలవాటు ఉండదు. మక్క అట్లాగే పడి ఉంటే దాని కింద పసుపు కుళ్లిపోతుంది. రెండు పంటలూ ఒక్క దెబ్బతో పోతాయి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ చెల్కను తన చేతుల మీద నడిపిన మా అత్త, గట్టు మీద బురదలోనే కూర్చుండిపోయింది.

"ఫోన్ తియ్యి బిడ్డా, వానికి సూపెట్టు" అంది.

చూపించాను. ఆయన హెల్మెట్ పెట్టుకుని ఎక్కడో మెట్ల మీద ఉన్నాడు. "డ్యూటీల ఉన్న. శుక్రారం సెలవున్నది, అప్పటిదాక ఏం ముట్టకుండ్రి. జర ఆలోచన చేసి చెప్త" అన్నాడు. పక్క చేనువాళ్లు ఆ సాయంత్రమే దిగి లేపుకున్నారు, వాళ్లింట్లో అడగాల్సినవాళ్లు ఎవరూ దూరాన లేరు మరి. మేం శుక్రవారం కోసం ఎదురుచూశాం. ఆలోచించడానికి చేను దగ్గర ఇద్దరం ఉన్నాం, ఆలోచన మాత్రం మస్కట్‌లో జరగాలి.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి చీర మార్చుకోకుండానే చేనుకు వెళ్లాను. మొక్కల కొసలు లేస్తున్నాయి. మొదళ్లు నేల మీదే ఉన్నాయి, కానీ కణుపుల దగ్గర కాండం వంగి, మొవ్వ ఆకాశం వైపు తిరుగుతోంది. ఆ మర్నాటికి ఇంకా లేచింది. దీని పేరు గురుత్వానువర్తనం. ఏటా పిల్లలకు చెబుతాను. ఐస్‌క్రీమ్ కప్పులో మక్క మొలకను పెంచి, పక్కకు పడుకోబెట్టి, రెండ్రోజుల తర్వాత చూడమంటాను. కణుపు దగ్గర కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. మొక్క పడితే అవి జారి, కొత్తగా ఏ పక్క కిందైతే ఆ పక్కకు చేరతాయి. కింద ఎటో మొక్కకు అట్లా తెలుస్తుంది. తెలిశాక కింది వైపు కణాలు పై వైపు కణాల కన్నా ఎక్కువ పొడుగు సాగుతాయి, అందుకని కాండం పైకి తిరుగుతుంది. కళ్లు లేవు, ఎవరూ చెప్పరు, ఎవరినీ అడగదు. కప్పులో చూసి చూసి నాకు పాతబడిపోయిన సంగతి అది. చేనుకు చేను ఆ పని చేస్తుంటే నిలబడి చూశాను. ఎన్నో రోజుల తర్వాత మనసుకు కాస్త హాయనిపించింది.

అత్తను పిలిచి చూపించాను. ఆమె వంగి ఒక కణుపును బొటనవేలితో తడిమింది. "మోకాలు మడిసినట్టున్నదే" అంది. ఇక లేపొద్దు, వదిలేద్దాం అన్నాను. లేస్తున్నదాన్ని ఇప్పుడు నిటారుగా నిలబెడితే కొసలు పక్కకు పోతాయి, కొత్తగా పట్టుకున్న వేర్లు తెగుతాయి అని చెప్పాను. ఆమె విన్నది. "వాన్ని అడుగుదాం" అంది.

శుక్రవారం ఆయన తీరిగ్గా ఫోన్ చేశాడు. అక్కడ నలుగురు దోస్తులను అడిగి తేల్చుకున్నాడట. "కూలోళ్లను పెట్టి మొత్తం లేపుండ్రి. నాలుగు నాలుగు కలిపి కట్టి, మొదలుకు మన్ను ఎగదొయ్యాలె."

"అదే లేస్తున్నది. గిప్పుడు లేపితే ఖరాబైతది" అన్నాను.

"ఏం లేస్తది? నేను చూడలేదా, మొత్తం పడ్డది గదా."

ఆయన చూసింది గాలివాన కొట్టిన మర్నాటి చేను. ఆయన కళ్లల్లో మా మక్క ఇంకా అట్లాగే పడి ఉంది. ఒక మొక్కను పట్టుకుని కెమెరా ముందు పెట్టాను. నెట్‌వర్క్ సరిగా లేక బొమ్మ ఆగిపోయింది. మళ్లీ చేసి మళ్లీ చెప్పాను. ఈసారి గొంతు పెరిగింది, పెరిగిందని నాకే తెలిసింది.

"సాంచల చప్పుల్ల పెరిగినదానివి, నీకేం ఎరుక మక్క సంగతి? సదువు చెప్పవట్టినంక నోరెక్కువైంది నీకు" అన్నాడు.

నేను సిరిసిల్లలో పుట్టాను. మా నాన్న మరమగ్గాల మీద పనిచేశాడు, మేం వాటిని సాంచలనే అంటాం. ఆ మాట తప్పు కాదు, కాబట్టే గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం పట్టుకుంది. నేను చూసింది కప్పులో మొలకను, ఇది వాన నీళ్లు నిలిచిన చెల్క. పుస్తకంలో ముక్క పట్టుకుని ఇంటిల్లిపాది తిండితో ఆడుతున్నానేమో అనిపించింది. అత్త నా వైపు చూడకుండా, "వాడు చెప్పినంక చేసుడే" అంది. కాదనడానికి నాకు ఓపిక లేదు. ఆ రోజుల్లో నేను ఒప్పుకున్నవాటిలో సగం ఓపిక లేక ఒప్పుకున్నవే.

కూలికి ఆడవాళ్లు దొరకడానికి మరో రెండు రోజులు పట్టింది. అప్పటికి మొక్కలు మొదట్లో వంగి, పైన నిటారుగా, ఎవరి సాయమూ లేకుండా నిలబడి ఉన్నాయి. మేం వాటిని పట్టి లేపాం. లేపుతుంటే మట్టిలో వేర్లు టపటపా తెగడం వినిపించింది. కాండం మొదలు నిటారుగా వచ్చింది, అంతదాకా ఆకాశం చూస్తున్న కొస పక్కచేను వైపు తిరిగింది. కూలికి వచ్చినావిడ ఒకామె పని ఆపి, "గిదేం లేపుడమ్మా, మంచిగున్నదాన్ని వంచుతున్నం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సగం చేను కట్టేసరికి వాళ్లు వేరేవాళ్ల కలుపుకు వెళ్లిపోయారు, మళ్లీ దొరకలేదు. మిగతా సగం అట్లాగే ఉండిపోయింది.

కట్టిన సగంలో నేలలో తడి ఉన్నా మిట్టమధ్యాహ్నం ఆకులు గొట్టాల్లా చుట్టుకునేవి. నీళ్లు తీసుకునే వేర్లు తెగినప్పుడు మొక్క చేసుకునే ఏర్పాటు అది, ఆకు వెడల్పు తగ్గించి ఉన్న తడిని కాపాడుకుంటుంది. పక్కకు తిరిగిన కొసలు మళ్లీ పైకి తిరగడం మొదలుపెట్టాయి. ముదిరిన కణుపు మళ్లీ వంగదు, దాని పైనున్న లేత కణుపు ఆ పని నెత్తిన వేసుకోవాలి. పాపం ఒక్కో మొక్క రెండు మూడు వంకర్లు తిరిగింది. ఉన్న బలమంతా నిలబడడానికే ఖర్చయితే కంకికి ఏం మిగులుతుంది? సాయంత్రాలు ఆ సాళ్ల మధ్య నడుస్తుంటే నాకు కాళ్లు పీకేవి, కోపం వచ్చేది, ఎవరి మీదో చెప్పుకోవాలనిపించేది కాదు.

కోతకు ముందు ఆయన చేను చూపించమన్నాడు. ఫోన్ పట్టుకుని గట్టు వెంట నడిచాను. కట్టని సగం రాగానే ఆయన మొహం వెలిగింది. "చూసినవా, కట్టిన కాడ ఎంత మంచిగ నిలబడ్డదో."

అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "గది కట్టనిది కొడుకా. కట్టింది ఆ పక్కకున్నది, సూడు" అని తనే తిప్పి చూపింది.

ఆయన ఆ పక్క సాళ్లు చూశాడు. తర్వాత, "మరి గా మాట గప్పుడే జర గట్టిగ చెప్పకపోతివి" అన్నాడు, నాతో.

నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, ఉక్రోషంతో. "మెల్లగ చెప్తే ఇనవు. గట్టిగ చెప్పిననాడు నోరెక్కువైంది అంటివి" అన్నాను. ఆయన డ్యూటీకి టైమైందన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన వానాకాలం మళ్లీ గాలి కొట్టింది, ఈసారి మధ్యాహ్నం. నేను కాలేజీ నుంచి తడుస్తూ వచ్చేసరికి అత్త గట్టు మీద నిలబడి ఉంది. మక్క మళ్లీ పడింది. ఫోన్ తియ్యమంటుందని బ్యాగులో చెయ్యి పెట్టాను.

"ఏం చేద్దాం బిడ్డా?" అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి రావాలని ఎన్నేళ్లు చూశానో. వచ్చిననాడు నాకు సంతోషం కలగలేదు. పొద్దుటి నుంచి నిలబడి పాఠాలు చెప్పి వచ్చాను, వేరెవరైనా జవాబు చెబితే బాగుండుననిపించింది. పైగా ఇప్పుడు తప్పయితే ఆ తప్పు నాదే. బురదలో దిగి కణుపులు పట్టుకుని చూశాను. ఈసారి మక్క పూత మీద ఉంది, కింది కణుపులు గట్టిపడ్డాయి. ముదిరిన మొక్క మునుపటిలాగా తనంతట తాను లేవలేదు. లేపితే ఇవ్వాళే లేపాలి, వేర్లు కొత్త తావు పట్టకముందే. రేపటికి ఆలస్యమవుతుంది, కూలివాళ్లు రారు, ఉన్నది మేమిద్దరమే.

"లేపాలె అత్తా. గిప్పుడే" అన్నాను.

అప్పుడు వద్దని ఇప్పుడు లేపాలంటావేం అని అడుగుతుందనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టి, నాకన్నా ముందు చేనులో దిగి, మొదటి మొక్క పట్టుకుంది.