మంటలార్పే సిలిండర్‌కి ఏడు ముళ్లు

అప్పట్లో ఆమదాలవలస దగ్గర ఒక రైస్‌మిల్లులో నేను సేఫ్టీ ఇన్‌చార్జిని. మా భద్రత ఏపాటిదో చూడడానికి ఆఫీసరు వస్తున్నారని వారం రోజులు అందరిచేత జవాబులు బట్టీ పట్టించాను. ఆయన ఒక్క ప్రశ్నా అడగలేదు. మంటలార్పే సిలిండర్ చూపించి, "పిన్ను లాగమ్మా" అన్నారు, నూక చెరుగుతున్న అప్పలమ్మతో.

ఆమె చెంపలేసుకుంది. "దసరా పూజకి కట్టిన తోరం బాబూ! తెంపితే దోసం కాదేటి?"

"ఎవరు కట్టారు?"

"ఇంకెవులు? మా సేఫ్టీ బాబే. ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతానన్నారు."

ఆయన నావైపు తిరిగారు. పిన్ను చుట్టూ ఏడు ముళ్లతో ఎండి బిగుసుకుపోయిన ఆ పసుపుతాడుతో పది నిమిషాలు కుస్తీపట్టాను.

"నిజంగా మంటలొస్తే ఈపాటికి మిల్లు బుగ్గైపోయుండును బాబూ" అంది అప్పలమ్మ.

ఇప్పటికీ దసరాకి సిలిండర్‌కి బొట్టు పెడతాను. తోరం మాత్రం నా చేతికే కట్టుకుంటాను.